కంపు ఎక్కడ పుడుతుంది

వాషింగ్టన్‌లో అమెరికా అధ్యక్షుడు ఫ్లష్ చేసిన నీళ్లూ, అదే నగరంలో అద్దె ఇంట్లో ఉండే టాక్సీ డ్రైవరు ఫ్లష్ చేసిన నీళ్లూ చివరికి చేరేది ఒక్కచోటికే. పోటోమాక్ నది ఒడ్డున బ్లూ ప్లెయిన్స్ అనే మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంది. రోజుకు సుమారు 140 కోట్ల లీటర్ల మురుగును శుభ్రం చేయగల స్తోమత దానిది. హైదరాబాద్ అంబర్‌పేటలోని 339 ఎంఎల్‌డీ (రోజుకు 33.9 కోట్ల లీటర్ల) ప్లాంటు లాంటివి నాలుగు పక్కపక్కన పెడితే దాదాపు అంత అవుతుంది. నీళ్లను శుద్ధి చేయడంలో ఈ ప్లాంటుకి ఎప్పటినుంచో మంచి పేరుంది. పేచీ అంతా నీళ్లు పోయాక అడుగున మిగిలే బురదతోనే.

ఒకప్పుడు అక్కడ రోజుకు సుమారు 1,200 టన్నుల తడి బురద తయారయ్యేది. దాంట్లో సున్నం కలిపి, లారీలకెత్తి, వర్జీనియా, మేరీల్యాండ్ రాష్ట్రాల పొలాలకు తోలేవారు. అందులో నత్రజని ఉంది, భాస్వరం ఉంది, పొలానికి సత్తువ. రైతుకి కాణీ ఖర్చు లేదు. కానీ పొలం పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్లకి ఆ సత్తువతో పనేముంది? వాళ్లకు దక్కేది వాసన ఒక్కటే. అమెరికాలో బురదను పొలాలకు పంపే చాలా ప్లాంట్లకి ఈ తలనొప్పి ఉండేది. దాంట్లో ఒక చిక్కుముడి కూడా ఉంది. ప్లాంటులో యంత్రం నుంచి బయటపడ్డప్పుడు మామూలుగా ఉన్న బురద, రెండు మూడు రోజులు గుట్టగా పడి ఉన్నాక భరించలేని కంపు కొట్టేది. పోనీ రోజురోజుకీ పెరుగుతూ పోతుందా అంటే అదీ లేదు. మరికొన్ని వారాలకు దానంతట అదే తగ్గిపోయేది.

ఈ చిక్కుముడి విప్పాలంటే ముందు ఒక అపోహ వదులుకోవాలి. కంపు మురికిలో ఉండదు. తాజా మురుగునీటిని దగ్గరగా వాసన చూసినవాళ్లు చెప్తారు, దానికి సబ్బు, మట్టి కలిసిన ఒక మందపు వాసన తప్ప ముక్కు బద్దలయ్యే గబ్బు ఉండదని. ఆ గబ్బు తర్వాత తయారవుతుంది. తయారుచేసేవి సూక్ష్మజీవులు. అవి కూడా ఊరికే చేయవు, గత్యంతరం లేనప్పుడే చేస్తాయి.

బాక్టీరియా తిన్న తిండి నుంచి శక్తి పొందాలంటే, ఆ తిండి నుంచి ఊడివచ్చిన ఎలక్ట్రాన్లను పుచ్చుకునేది ఏదో ఒకటి ఉండాలి. మనకు ఆ పని ఆక్సిజన్ చేస్తుంది. నీళ్లలో ఆక్సిజన్ ఉన్నంతసేపూ బాక్టీరియాకీ అదే చాలు. ఆక్సిజన్ అయిపోతే నైట్రేట్ వైపు తిరుగుతాయి. అదీ అయిపోతే సల్ఫేట్‌ను వాడుకునే జాతుల వంతు వస్తుంది. మనం తాగే నీళ్లలో, వాడే డిటర్జెంటులో సల్ఫేట్‌కి కొదవ లేదు. డీసల్ఫోవిబ్రియో వంటి ఈ బాక్టీరియా సల్ఫేట్‌ను వాడుకుని వదిలేదే హైడ్రోజన్ సల్ఫైడ్, కుళ్లిన కోడిగుడ్డు వాసన.

ఇది తెలిస్తే మన ఊళ్లలోని ఒక గొడవ కూడా అర్థమవుతుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పెద్ద అపార్ట్‌మెంట్లకి సెల్లారులో సొంత ఎస్టీపీ, అంటే మురుగు శుద్ధి ప్లాంటు, ఉంటుంది. కరెంటు బిల్లు చూసి, రాత్రిపూట తొట్టిలోకి గాలి ఊదే బ్లోయర్ ఆపేస్తే పోలా అని అసోసియేషన్ మీటింగులో ఎవరో ఒకరు అంటారు. ఆపేస్తారు. తొట్టిలోని ఆక్సిజన్‌ను బాక్టీరియా చూస్తుండగానే తినేస్తుంది. తెల్లారి బ్లోయర్ వేయగానే, రాత్రంతా నీళ్లలో పోగైన హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ఆ గాలి బుడగలే బయటికి తరిమి మొదటి అంతస్తు బాల్కనీల దాకా పంపుతాయి. ఆ మిగిలిన కరెంటు డబ్బులు ఆ అంతస్తు వాళ్లకి పంచాలని నా అభిప్రాయం.

హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పసిగట్టడంలో మన ముక్కు చాలా గట్టిది. గాలిలో వంద కోట్ల భాగాలకు కొద్ది భాగాలున్నా చాలామందికి తెలిసిపోతుంది. అయితే అది పది లక్షల భాగాలకు వంద దాటితే, అంటే 100 పీపీఎం దాటితే, కాసేపటికే వాసన తెలిసే నరం మొద్దుబారుతుంది. వాసన పోయింది, గాలి బాగానే ఉందనుకుని మనిషి ఇంకో మెట్టు దిగుతాడు. 500 పీపీఎం పైబడితే స్పృహ తప్పి ప్రాణం పోవడానికి ఎంతోసేపు పట్టదు. మ్యాన్‌హోల్‌లో పడిపోయినవాణ్ణి కాపాడబోయి రెండోవాడు, మూడోవాడు పోవడం మనం పేపర్లలో చదువుతూనే ఉన్నాం. రక్షణ లేకుండా మనుషుల్ని డ్రైనేజీల్లోకి దింపడాన్ని మన దేశంలో 2013 నాటి చట్టం నిషేధించింది. వాసన రాలేదన్న ధైర్యంతో దిగడానికి మ్యాన్‌హోల్‌ను మించిన ప్రమాదకరమైన చోటు లేదు.

అయితే పొలాల్లో గుట్టలుగా పోసిన బురద కథలో అసలు దోషి హైడ్రోజన్ సల్ఫైడ్ కాదు. బురదలో ఇనుము ఉంటే ఈ వాయువు దాంతో కలిసి ఐరన్ సల్ఫైడ్‌గా మారి అక్కడే ఉండిపోతుంది. మురుగు బురద నల్లగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే. నీళ్లలోని భాస్వరం తీసేయడానికి బ్లూ ప్లెయిన్స్‌లో ఎలాగూ ఇనుప లవణాలు వేస్తారు. కాబట్టి కోడిగుడ్డు వాసనకు అక్కడ కొంత కట్టడి ఉంది. పొలాల దగ్గర జనం మొత్తుకున్నది వేరే వాసనల గురించి. కుళ్లిన క్యాబేజీ, కుళ్లిన ఉల్లి, చచ్చిన చేప.

క్యాబేజీ వాసన మిథైల్ మెర్కాప్టాన్‌ది, దాని చుట్టాలైన డైమిథైల్ సల్ఫైడ్, డైమిథైల్ డైసల్ఫైడ్‌లది. వంటగ్యాస్ లీకైతే తెలియాలని సిలిండర్లో కలిపే ఇథైల్ మెర్కాప్టాన్ కూడా ఈ కుటుంబంలోదే. అంటే మనిషి ముక్కుకి అతి తక్కువ మోతాదులో తెలిసే పదార్థం కావాలని వెతికి ఏరుకున్న జాతి ఇది. బురదలోకి అది ఎలా వచ్చింది?

పెన్సిల్వేనియాలోని బక్నెల్ విశ్వవిద్యాలయంలో మాథ్యూ హిగ్గిన్స్, వర్జీనియా టెక్‌లో జాన్ నోవాక్, బ్లూ ప్లెయిన్స్ పరిశోధన విభాగాన్ని నడిపిన సుధీర్ మూర్తి, వీళ్లూ వీళ్ల సహచరులూ 2000 తర్వాతి దశాబ్దంలో ఈ ప్రశ్న వెంట పడ్డారు. వాళ్ల పద్ధతి చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. బురదను సీసాలో వేసి మూత బిగించి, పైనున్న ఖాళీలోని గాలిని రోజూ కొంచెం సిరంజితో తీసి కొలవడం. రకరకాల ప్లాంట్ల నుంచి తెచ్చిన బురదల్లో ఒకే తరహా గీత కనబడింది. మెర్కాప్టాన్ కుటుంబం మొదటి కొద్ది రోజుల్లో జర్రున పైకి లేచి, ఆ తర్వాత కొన్ని వారాల్లో దిగిపోయి దాదాపు మాయమవుతుంది.

పైకి లేవడానికి కారణం ప్రోటీన్. ప్రోటీన్లలో గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు రెండు, సిస్టీన్, మెథియోనీన్. సిస్టీన్ విరిగితే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. మెథియోనీన్ విరిగితే మిథైల్ మెర్కాప్టాన్ వస్తుంది. బురదంటే మనం పారేసిన మురికి ఒక్కటే కాదు. ఆ మురికిని తిని బలిసి, చచ్చి పేరుకున్న బాక్టీరియా కళేబరాలు అందులో పెద్ద వాటా. కాబట్టి ప్రోటీన్‌కి కరువు లేదు.

దిగిపోవడానికి కారణం మీథేన్ చేసే సూక్ష్మజీవులు. ఆక్సిజన్ పొడ గిట్టని ఈ ప్రాణులకు మెర్కాప్టాన్, డైమిథైల్ సల్ఫైడ్‌లు ఆహారం. వాటిని తిని మీథేన్‌గా మార్చేస్తాయి. నిజంగా అవే తింటున్నాయా అని తేల్చుకోవడానికి హిగ్గిన్స్ బృందం కొన్ని సీసాల్లో ఈ జీవుల్ని మాత్రమే స్తంభింపజేసే ఒక రసాయనం వేసి చూసింది. ఆ సీసాల్లో కంపు దిగలేదు. అంటే గుట్టలో రెండు బలగాలు ఉన్నాయి. ఒకటి కంపు పుట్టిస్తుంది, రెండోది దాన్ని తింటుంది. పుట్టించేవాళ్లు ముందు లేస్తారు, తినేవాళ్లు మెల్లగా తేరుకుంటారు. ఆ మధ్యలో ఉన్న కొద్దిరోజుల్లోనే లారీ పొలానికి చేరుతోంది.

ఇక్కడే మరో ప్రశ్న వస్తుంది. చాలా ప్లాంట్లు బురదను గాలి చొరబడని డైజెస్టర్ తొట్టిలో మగ్గబెడతాయి. అలా రెండు మూడు వారాలు మగ్గి వచ్చిన బురదలో తేలిగ్గా కుళ్లే ప్రోటీన్ చాలావరకు ఖర్చయిపోయి ఉండాలి కదా? మీథేన్ చేసే జీవులు నిండుగా ఉండాలి కదా? మరి బయటికి వచ్చాక ఈ అల్లరి ఎందుకు? సమాధానం సెంట్రిఫ్యూజ్ దగ్గర దొరికింది.

డైజెస్టర్ నుంచి వచ్చే బురద నూటికి తొంభై ఐదు పాళ్లకు మించి నీళ్లే. ఆ నీళ్లను లారీలో మోయడం దండగ. అందుకని పాలిమర్ కలిపి రేణువుల్ని గుంపులు కట్టించి, సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పి నీటిని పిండేస్తారు. ఎంత గట్టిగా పిండితే లారీ ఖర్చు అంత ఆదా. కాబట్టి తయారీదారులు ఇంకా వేగంగా తిరిగే, ఇంకా పొడిగా పిండే యంత్రాలు తెచ్చారు. అంతా సంతోషించారు. కానీ ఆ వేగంలో బురద రేణువులు ఒకదానికొకటి రాసుకుని నలుగుతాయి. వెల్లుల్లి పాయ గంపలో ఉన్నంతసేపూ ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. రోట్లో వేసి ఒక్క దెబ్బ వేస్తే కణాలు చితికి, లోపల వేర్వేరు గదుల్లో ఉన్న ఎంజైమూ గంధకపు పదార్థమూ కలుసుకుంటాయి, వీధి దాకా ఘాటు కొడుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో జరిగేదీ ఆ దెబ్బే. డైజెస్టర్లో ఎవరికీ అందకుండా గుంపుల మధ్య చిక్కుకుపోయిన ప్రోటీన్ విడుదలవుతుంది, తినే బాక్టీరియాకి అందుతుంది. అదే దెబ్బకి మీథేన్ జీవులు కుదేలవుతాయి, కొంతకాలం పని ఆపేస్తాయి. మెల్లగా పిండే బెల్ట్ ప్రెస్‌లో తయారైన బురద కంటే, ఎక్కువ పొడిగా పిండే సెంట్రిఫ్యూజ్‌లో తయారైన బురద ఎక్కువ కంపు కొట్టడాన్ని ఈ పరిశోధకులు కొలిచి చూపించారు.

లారీ ఖర్చు తగ్గించడానికి కొన్న యంత్రమే కంపు పుట్టిస్తోందన్నమాట. ఈ రంగంలో ఇలాంటివి చాలా కనిపిస్తాయి, ఒకరి పద్దులో మిగిలిన రూపాయి ఇంకొకరి ముక్కు మీద పడటం. టెండరులో బురద ఎంత పొడిగా రావాలో రాస్తారు. పదో రోజున అది ఎంతకు మించి కంపు కొట్టకూడదో రాయరు.

సున్నం కథ కూడా ఇటువంటిదే. బురదలో సున్నం కలిపి పీహెచ్‌ను 12కి చేర్చి కనీసం రెండు గంటలు అలాగే నిలబెట్టాలని అమెరికా 1993 నాటి నిబంధనల్లో ఉంది. రోగకారక క్రిములు తగ్గుతాయి, మిగతా బాక్టీరియా కూడా మూలపడుతుంది. పీహెచ్ 7 దగ్గర నీటిలోని సల్ఫైడ్‌లో దాదాపు సగం వాయువుగా తప్పించుకోగల రూపంలో ఉంటుంది. పీహెచ్ 9కి వచ్చేసరికి ఆ వాటా నూటికి ఒకటికి పడిపోతుంది. మరి 12 దగ్గర అసలు భయమే లేదు. కానీ అమ్మోనియా లెక్క దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. పీహెచ్ పెరిగేకొద్దీ అది వాయువై లేచిపోతుంది. సున్నం కలిపే గదిలో కళ్లు మండేది అందుకే. బురద గుంపులు కట్టడానికి వేసిన పాలిమర్ కొంత విరిగి ట్రైమిథైల్ అమీన్ అవుతుంది, దాన్ని కూడా సున్నం గాల్లోకి తోలుతుంది. చచ్చిన చేప వాసన దాని చలవే. ఇక డైమిథైల్ సల్ఫైడ్‌కి పీహెచ్‌తో నిమిత్తమే లేదు.

పైగా సున్నం తిండిని నాశనం చేయదు, తినేవాళ్లను నిద్రపుచ్చుతుంది, అంతే. సరిగ్గా కలవని ముద్దల్లో పీహెచ్ ముందే పడిపోతుంది. కొన్నాళ్లకి గుట్ట అంతటా పడిపోతుంది. బాక్టీరియా లేస్తుంది, తిండి పెట్టింది పెట్టినట్టే ఉంది. మెర్కాప్టాన్‌ను తినాల్సిన జీవులు మాత్రం సున్నం దెబ్బ నుంచి కోలుకుని ఉండవు.

బ్లూ ప్లెయిన్స్ చివరికి సున్నానికి స్వస్తి చెప్పింది. నార్వే కంపెనీ కాంబి రూపొందించిన ఉష్ణ జలవిశ్లేషణ పద్ధతికి మారింది. ఈ పద్ధతిలో మొదటి ప్లాంటు 1995లో నార్వేలోని హామార్‌లో మొదలైంది. వాషింగ్టన్ వాళ్లు దాదాపు 47 కోట్ల డాలర్లు పెట్టి కట్టిన ఏర్పాటును 2015లో లాంఛనంగా ప్రారంభించారు. పచ్చి బురదను పెద్ద ప్రెషర్ పాత్రల్లో ఆవిరితో 150 నుంచి 170 డిగ్రీల వేడిలో, వాతావరణ పీడనానికి ఆరు రెట్ల దగ్గర అరగంట ఉంచుతారు. తర్వాత ఒత్తిడిని హఠాత్తుగా వదిలేస్తారు. కణాలు పగిలిపోతాయి. అప్పుడు డైజెస్టర్లోకి పంపుతారు.

ఇందాక కణాలు నలగడమే కదా కంపుకి కారణమన్నాం, ఇప్పుడు పనిగట్టుకుని పగలగొట్టడమేమిటి అని అనుమానం రావాలి. తేడా అంతా వరసలో ఉంది. సెంట్రిఫ్యూజ్ కణాలను డైజెస్టర్ దాటాక నలుపుతుంది. అక్కడ బయటపడ్డ ప్రోటీన్‌కి ఇక దిక్కు లేదు, లారీలోనో పొలంలోనో కుళ్లాల్సిందే. ఇక్కడ డైజెస్టర్‌కి ముందే పగలగొడుతున్నారు. బయటపడ్డ తిండి అంతా మూతబడిన తొట్టిలో, మీథేన్ జీవుల నోటి ముందు పడుతోంది. అక్కడ పుట్టే వాయువులూ పైపుల్లోనే ఉంటాయి. ఆ మీథేన్‌తో నడిచే టర్బైన్లు సుమారు 10 మెగావాట్ల కరెంటు ఇస్తున్నాయి, ప్లాంటు అవసరంలో మూడో వంతు. పొలానికి పోవాల్సిన బురద సగానికి పైగా తగ్గింది. ‘బ్లూమ్’ అని పేరు పెట్టి తోటలు పెంచుకునేవాళ్లకి అమ్ముతున్నారు కూడా. అసలు వాసనే లేదని కాదు. ఉన్న వాసనకి జనం పోలీసుల్ని పిలవరు, అంతే.

అంత డబ్బు అందరి దగ్గరా ఉండదు. లేనివాళ్లు గాలిని పట్టుకుని కడుగుతారు. బురద తొట్లకి మూతలు వేసి, లోపలి గాలిని ఫ్యాన్లతో లాగి, కాస్టిక్ సోడా, క్లోరిన్ ద్రావణాలు చిలకరించే స్క్రబ్బర్లలోంచి పంపడం పాత పద్ధతి. దానికంటే నాకు నచ్చేది మట్టి. మురుగు గాలిని మట్టి పడకల్లోంచి పోనిస్తే అందులోని బాక్టీరియా ఆ వాయువుల్ని తినేస్తుందని కనిపెట్టి, కాలిఫోర్నియాకి చెందిన రిచర్డ్ పోమరాయ్ 1957లో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పుడు మట్టి బదులు కంపోస్టు, చెక్క పేళ్లు వాడుతున్నారు. గాలి ఆ పడకలో దాదాపు ఒక నిమిషం తచ్చాడాలి, పడక ఎండిపోకుండా తడుపుతూ ఉండాలి, కొన్నేళ్లకోసారి పేళ్లు మార్చాలి. అదే కాలిఫోర్నియాలో ఆరెంజ్ కౌంటీ మురుగు సంస్థ దగ్గర డేవిడ్ గాబ్రియేల్, మార్క్ డెషూసెస్ పాత రసాయన స్క్రబ్బర్ గోపురాన్నే తీసుకుని, అందులో స్పాంజి నింపి, బాక్టీరియాని పెంచారు. గాలి అందులో ఉండేది రెండు సెకన్లే అయినా హైడ్రోజన్ సల్ఫైడ్ నూటికి 95 పాళ్లకు పైగా పోయింది. 2003లో ప్రచురించిన ఫలితమిది. ఆ బాక్టీరియా గంధకాన్ని గంధకామ్లంగా మార్చి, తాను చేసిన ఆమ్లంలోనే హాయిగా బతుకుతుంది.

ఇవేవీ చేయకుండా గాల్లోకి మల్లెపూల సెంటు చల్లే ప్లాంట్లూ ఉన్నాయి. జనానికి అప్పుడు గబ్బూ మల్లెలూ రెండూ తెలుస్తాయి, తర్వాత మల్లెల మీద కూడా విరక్తి పుడుతుంది.

నూటికి 90 పాళ్లు కంపు తీసేశాం అని ఇంజనీరు చెప్తాడు. ఏం తగ్గలేదు అని పక్క కాలనీ వాళ్లంటారు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు. వాయువు పదో వంతుకి తగ్గినంత మాత్రాన ముక్కుకి తోచే తీవ్రత పదో వంతుకి తగ్గదు, అందులో చాలా భాగం మిగిలే ఉంటుంది. ముక్కు లెక్క వేరు కాబట్టే యూరప్‌లో దుర్వాసనను యంత్రం ఒక్కదానితోనే కాక మనుషులతోనూ కొలుస్తారు. శుభ్రమైన గాలిలో ఎన్ని రెట్లు పల్చన చేస్తే సగం మంది పసిగట్టలేకపోతారో, అన్ని యూనిట్ల వాసన అని లెక్క. వాసన చూసేవాళ్లను ముందు బ్యూటనాల్ అనే రసాయనంతో పరీక్షిస్తారు. మొద్దు ముక్కువాళ్లనే కాదు, మరీ చురుకైన ముక్కున్నవాళ్లనూ ఇంటికి పంపేస్తారు. ప్లాంటు పక్కన కాపురముండేవాళ్లకి మాత్రం అలాంటి ఎంపిక ఏదీ ఉండదు.

మన దగ్గర ఈ లెక్కలన్నీ ఎండతో మొదలవుతాయి. అంబర్‌పేట ప్లాంటు కట్టిన, వేడి వాతావరణంలో బాగా నడిచే యూఏఎస్‌బీ అనే పద్ధతిలో మురుగు ఆక్సిజన్ లేకుండానే పైకి పారుతుంది. కరెంటు ఖర్చు తక్కువ. దాని మూల్యం, బయటికి వచ్చే నీళ్లలో కరిగి ఉన్న సల్ఫైడ్. ఆ నీళ్లు గట్టు మీంచి దూకే చోట, అంటే అలజడి పుట్టే ప్రతిచోటా, వాయువు గాల్లోకి లేస్తుంది. ఆ దూకుడు ఎత్తును తగ్గించినా, అక్కడ మూత వేసినా చాలా తేడా ఉంటుంది. చిన్న ప్లాంట్లలో బురద ఆరబెట్టడానికి ఇసుక పడకలే దిక్కు. కర్నూలు ఎండకి పల్చగా, ఒక జానెడు మందాన పరిస్తే పై నుంచి గాలి ఆడి, కింద నుంచి నీరు ఇంకి, కంపు కొట్టే తీరిక దొరక్కముందే ఎండిపోతుంది. పని తేలికవుతుందని రెండు మూడు జానలు పోస్తే పైన పెచ్చు కట్టి లోపల వారాల తరబడి పచ్చిగానే ఉంటుంది. పార పెట్టి పెచ్చు లేపిన రోజున ఆ వీధంతా కిటికీలు మూసుకోవాల్సిందే. ఇక జూన్ నుంచి అక్టోబరు దాకా కథ మారుతుంది. సగం ఎండిన బురద మీద వాన పడితే అది మళ్లీ తడిసి, ఆక్సిజన్ కోల్పోయి, మొదటి రోజు దశకి తిరిగి వెళ్తుంది. పడకల మీద పారదర్శకమైన రేకుల కప్పు వేసి, పక్కలు గాలికి వదిలేసిన చోట్ల వానాకాలంలోనూ ఆరుతుంది. కప్పు లేని చోట జూన్‌కి ముందే పడకలన్నీ ఖాళీ చేసి, వానాకాలపు బురదను డైజెస్టర్‌లోనే ఇంకొన్ని వారాలు ఆపగలిగేలా చోటు ఉంచుకోవాలి. ఆ చోటు ప్లాంటు కట్టేటప్పుడే డ్రాయింగులో ఉండాలి.